కెప్టెన్ దాకా నిచ్చెన, మిగతాదంతా క్యూ: విక్టోరియా కాలంలో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఉద్యోగం ఎలా సాగేది?

2023 డిసెంబరు 4న, నేవీ డే రోజున, మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌లో జరిగిన సభలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఒక ప్రకటన చేశారు. భారత నౌకాదళంలోని హోదాలకు భారతీయ సంప్రదాయానికి తగిన పేర్లు పెడతామన్నారు. ఆ తర్వాత ఈ హోదాల గురించి మాట వచ్చిన ప్రతిసారీ చాలామందికి ఒకే సందేహం వస్తోంది. ఆర్మీలో కెప్టెన్ అంటే ఇంకా కుర్ర ఆఫీసరు. నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీ కల్నల్‌తో సమానం. ఒకే మాటకు రెండు బరువులు ఎలా వచ్చాయి? అసలు ఈ మెట్లన్నీ ఎవరు కట్టారు?

విశాఖలో నేవీ వాళ్ళను చూడని రోజుండదు. ఆఫీసర్ల తెల్ల యూనిఫాం భుజాల మీద నల్లపట్టీ, దాని మీద బంగారు చారలు ఉంటాయి. దగ్గరగా చూస్తే పై చార నేరుగా పోకుండా మధ్యలో చిన్న సున్నాలా చుట్టుకుని మళ్ళీ సాగుతుంది. ఆ చుట్టు 1856లో బ్రిటిష్ నౌకాదళం తన అధికారుల చేతుల మీద కుట్టించినది. మొదట్లో అది అందరికీ దక్కలేదు. ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది అడిగితే విక్టోరియా రాణి కాలపు (1837–1901) నౌకాదళ ఉద్యోగం గుట్టు సగం బయటపడుతుంది. మిగతా సగం ఒక జాబితాలో ఉంది. ప్రభుత్వోద్యోగుల ఇళ్ళలో పెరిగినవారికి ఆ జాబితా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అది సీనియారిటీ లిస్టు.

కెప్టెన్ అంటే పదవా, పనా?

ముందు మెట్లు చూద్దాం. కుర్రవాడు నేవల్ కేడెట్‌గా చేరతాడు. ఏడాది, రెండేళ్ళకు మిడ్‌షిప్‌మన్ అవుతాడు. ఓడ మీద పనిచేస్తూనే చదువుకుని, పరీక్షలు పాసై, 19, 20 ఏళ్ళకు మేట్ అవుతాడు. ఈ మేట్ పేరునే 1861లో సబ్ లెఫ్టినెంట్‌గా మార్చారు. ఆ పైన లెఫ్టినెంట్, కమాండర్, కెప్టెన్. కెప్టెన్ దాటితే రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్, అడ్మిరల్, అన్నిటికన్నా పైన అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్. ఇప్పుడు మనం వినే లెఫ్టినెంట్ కమాండర్ అప్పట్లో లేదు. 8 ఏళ్ళు లెఫ్టినెంట్‌గా ఉన్నవారికి 1877లో అదనంగా ఒక సన్న చార ఇచ్చారు. దానికి విడిగా పేరు పెట్టింది 1914లో.

కెప్టెన్ అనే మాట రెండు అర్థాల్లో నడిచేది. ఏ ఓడకైనా పెద్దగా ఉన్న మనిషిని ఆ ఓడ మీద కెప్టెన్ అనే పిలుస్తారు. చిన్న గన్‌బోటును నడిపేది లెఫ్టినెంటే అయినా సిబ్బందికి అతనే కెప్టెన్. అది పనిని బట్టి వచ్చిన పిలుపు. జాబితాలో కెప్టెన్‌గా పేరెక్కడం వేరు, అది హోదా. పెద్ద యుద్ధనౌకను, అందులోని వందలమందిని అప్పగించేది ఆ హోదా ఉన్నవారికే. ఆర్మీలో కెప్టెన్ కింద ఉండేది వందమంది లోపు బృందం. మాట ఒకటే అయినా చేతికింద ఉన్న బాధ్యతలో అంత తేడా ఉండడం వల్లే నేవీ కెప్టెన్‌కు అంత బరువు వచ్చింది.

కెప్టెన్ పైనున్నవారిని ఫ్లాగ్ ఆఫీసర్లు అంటారు. వాళ్ళున్న ఓడ మీద వాళ్ళ సొంత జెండా ఎగురుతుంది. 1864 వరకూ ఆ అడ్మిరల్ హోదాల్లో ఎరుపు, తెలుపు, నీలం అని లోపల మళ్ళీ వరుసలుండేవి. ఆ ఏడు వాటిని ఎత్తేసి, తెల్ల జెండా యుద్ధనౌకలకు, ఎర్ర జెండా వ్యాపార నౌకలకు ఉంచారు.

పన్నెండేళ్ళకే ఉద్యోగం

ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యంలో ఆఫీసరు పదవులు డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. 1871లో రద్దయ్యేదాకా చాలా రెజిమెంట్లలో అది మామూలు సంగతి. నౌకాదళంలో పదవులు అమ్మలేదు. కారణం తేలికే. తుఫానులో ఓడ నడపడం రానివాడికి ఓడ అప్పగిస్తే అతనితోపాటు అందరూ మునుగుతారు. అందుకని పిల్లవాణ్ణి చిన్నప్పుడే తీసుకుని, ఓడ మీదే పెంచి, పని నేర్పేవారు. 12 నుంచి 14 ఏళ్ళ మధ్య చేరడం రివాజు.

డబ్బు అక్కర్లేదు కానీ సిఫార్సు కావాలి. నౌకాదళ కార్యాలయం పెద్దలో, ఓ అడ్మిరలో, ఓ కెప్టెనో ఫలానా అబ్బాయిని తీసుకోండి అని పేరు ప్రతిపాదిస్తేనే లోపలికి దారి. చేరాక కూడా మంచి ఓడ, మంచి పోస్టింగ్ దొరకాలంటే పైన ఎవరో ఉండాలి. ఈ అండను వాళ్ళు 'ఇంట్రెస్ట్' అనేవారు. మనం పలుకుబడి అంటాం.

జాన్ ఫిషర్ సంగతి చూడండి. 1841లో సిలోన్‌లో, రంబొడ అనే కొండ ఊళ్ళో పుట్టాడు. తండ్రి సైన్యం వదిలి కాఫీ తోటలు పెట్టుకున్నవాడు. ఆస్తీ లేదు, లండన్‌లో చెప్పుకోదగ్గ అండా లేదు. బ్రిటన్ ప్రసిద్ధ నౌకాదళ నాయకుడు నెల్సన్ కింద పనిచేసిన కెప్టెన్లలో చివరివాడైన అడ్మిరల్ విలియం పార్కర్ అతని పేరు ప్రతిపాదించాడు. 1854 జూలైలో, 13 ఏళ్ళ వయసులో, ఫిషర్ పోర్ట్స్‌మత్‌లో చేరాడు. ప్రవేశ పరీక్ష ఎంత సులువుగా ఉండేదో పెద్దయ్యాక అతనే చెప్పుకునేవాడు. ప్రార్థన ఒకటి రాయించారట, బట్టల్లేకుండా కుర్చీ మీదుగా దూకించారట, గ్లాసుడు షెర్రీ తాగించారట. ఎక్కిన మొదటి యుద్ధనౌక పేరు 'కలకత్తా', మన టేకుతో బొంబాయిలో కట్టి 1831లో నీళ్ళలోకి దించిన 84 ఫిరంగుల ఓడ. సిలోన్‌లో పుట్టిన పిల్లవాడి తొలి ఓడ బొంబాయి ఓడ కావడం నాకు ముచ్చటగా అనిపించే సంగతి.

కొద్ది ఏళ్ళలో ఈ పద్ధతి కొంత మారింది. కేడెట్లను నేరుగా సముద్రం మీదికి పంపకుండా ముందు శిక్షణ నౌకలో ఉంచడం 1857లో మొదలైంది. 1859లో 'బ్రిటానియా' ఆ పనికి వచ్చింది. 1863లో దాన్ని డార్ట్‌మత్‌కు తెచ్చి కట్టేశారు. ప్రవేశ పరీక్ష కష్టమైంది కానీ సిఫార్సు పోలేదు. పైగా తల్లిదండ్రులు ఫీజు కట్టాలి. కూలివాడి కొడుకు అటువైపు చూడలేడు.

ఎక్కడిదాకా ప్రతిభ, ఎక్కడినుంచి వరుస

చదివేవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. విక్టోరియా కాలపు నౌకాదళంలో ప్రమోషన్లకు ఒకటి కాదు, రెండు పద్ధతులు ఉండేవి.

లెఫ్టినెంట్ నుంచి కమాండర్‌కు, కమాండర్ నుంచి కెప్టెన్‌కు వెళ్ళేది ఎంపిక మీద. అందరూ వెళ్ళరు. పనితనం, యుద్ధంలో చూపిన తెగువ, ఎవరి కింద పనిచేశాడన్నది, పలుకుబడి, అదృష్టం అన్నీ అక్కడ పనిచేస్తాయి. నలభై దాటినా లెఫ్టినెంట్‌గానే మిగిలినవారు ఎందరో.

కెప్టెన్ అయిన రోజుతో ఎంపిక ముగిసింది. అక్కడినుంచి పైకి సీనియారిటీ ఒక్కటే. మీకన్నా ఒక్కరోజు ముందు కెప్టెన్ అయినవాడు ఎప్పటికీ మీకన్నా ముందే ఉంటాడు. మీరెంత గొప్ప పని చేసినా అతన్ని దాటలేరు. మీరు పదేళ్ళు ఇంట్లో కూర్చున్నా అతని వెనుక మీ చోటు మీదే. పైవాళ్ళు చనిపోవాలి, లేదా తప్పుకోవాలి. అప్పుడే వరుస కదులుతుంది.

ఒక్క ఖాళీతో ఏమవుతుందో చూద్దాం. 1892 ఫిబ్రవరి 13న అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ ప్రోవో వాలిస్ చనిపోయాడు. మర్నాడు, ఫిబ్రవరి 14 తేదీతో, జాన్ కామెరెల్ అనే అడ్మిరల్ ఆ హోదాలోకి వెళ్ళాడు. ఇలాంటి ఖాళీ వచ్చినప్పుడు అడ్మిరల్‌లో ఒక చోటు పుడుతుంది, దానిలోకి సీనియర్ వైస్ అడ్మిరల్. ఆ చోట్లోకి సీనియర్ రియర్ అడ్మిరల్. ఆ చోట్లోకి కెప్టెన్ల జాబితాలో మొదటివాడు. ఇంతవరకూ ఎవరూ ఎవరినీ ఎంచుకోలేదు, వరుస దానంతటదే జరిగింది. ఇప్పుడు కెప్టెన్ల జాబితా అడుగున ఒక చోటు మిగిలింది. దాంట్లోకి ఏ కమాండర్ రావాలన్నది మాత్రం పెద్దలు నిర్ణయిస్తారు. అంటే ఒక వృద్ధుడి చావు వార్త కుర్ర కమాండర్ల గదిలో టెన్షన్ పుట్టించేది. ఆ ఒక్క తలుపు దాటితే చాలు, తర్వాత చేయాల్సింది బతికుండడం.

ఫిషర్ 1869లో కమాండర్, 1874లో కెప్టెన్. ఫిరంగులు, టార్పెడోల విద్యలో అప్పటికే అతనికి సాటి లేదు. 1882లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా మీద బాంబు దాడిలో 'ఇన్‌ఫ్లెక్సిబుల్' అనే అతి శక్తిమంతమైన ఓడ అతని చేతిలో ఉంది. అయినా రియర్ అడ్మిరల్ కావడానికి 1890 దాకా, 16 ఏళ్ళు పట్టింది.

ఈ పద్ధతి తెలివితక్కువదని వెంటనే తేల్చేయకూడదు. దాని వెనుక ఒక లెక్క ఉంది. కెప్టెన్ అయ్యాక కూడా పైకి వెళ్ళడానికి పలుకుబడి అవసరమైతే, ప్రతి కెప్టెనూ ఓడ వదిలేసి మంత్రుల గుమ్మాల చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతాడు. వరుస ఖాయమైతే ఎవరికీ తలవంచాల్సిన పని లేదు. పై అధికారికి నచ్చని నివేదిక రాసినా చోటు పోదు. సీనియారిటీని సమర్థించినవారి వాదన ఇదే, దానిలో నిజముంది. దానికి చెల్లించిన మూల్యం ఎంతన్నదే అసలు ప్రశ్న.

ఓడలు తక్కువ, అధికారులు ఎక్కువ

మూల్యం 1815 తర్వాత కనబడింది. నెపోలియన్‌తో యుద్ధాలు ముగిసేనాటికి బ్రిటిష్ నౌకాదళంలో సుమారు 1,40,000 మంది ఉండేవారు. రెండు మూడేళ్ళలో ఆ సంఖ్య 20,000 దరిదాపుకు పడిపోయింది. నావికులను ఇంటికి పంపేశారు, ఓడలను పక్కన కట్టేశారు. అధికారులను మాత్రం తీసేయలేదు. వాళ్ళకు రిటైర్మెంట్ అనే మాటే దాదాపు లేదు. వేలమంది అధికారులు సగం జీతం మీద ఇంట్లో కూర్చున్నారు. సగం జీతం పింఛను కాదు. అవసరమైనప్పుడు పిలుస్తాం, సిద్ధంగా ఉండు అని ఇచ్చే డబ్బు. ఎంతోమందికి ఆ పిలుపు జీవితాంతం రాలేదు.

డేవిడ్ ప్రైస్ 1801లో పిల్లవాడిగా చేరాడు, యుద్ధాల్లో పోరాడాడు, 1815 జూన్‌లో కెప్టెన్ అయ్యాడు. నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం జరిగిన నెలలోనే! ఆ తర్వాత 35 ఏళ్ళలో అతనికి దొరికిన ఓడ ఒక్కటే, 1834 నుంచి 1838 వరకు 'పోర్ట్‌లాండ్'. అయినా జాబితాలో పేరు పైకి జరుగుతూనే ఉంది. 1850లో రియర్ అడ్మిరల్. 1853లో పసిఫిక్ మహాసముద్రంలోని దళమంతటికీ అధిపతిగా పంపారు. ఏడాది తిరిగేసరికి రష్యాతో క్రిమియా యుద్ధం. 1854 ఆగస్టు 30న కమ్చాట్కాలోని పెట్రోపావ్‌లోవ్‌స్క్ మీద దాడికి ఓడలు సిద్ధమవుతుండగా ప్రైస్ తన గదిలోకి వెళ్ళి పిస్టల్‌తో కాల్చుకుని చనిపోయాడు. అతని మనసులో ఏముందో తేల్చి చెప్పడం ఎవరి తరమూ కాదు. దశాబ్దాలపాటు ఓడే ఇవ్వని మనిషిని, వరుస వచ్చింది కాబట్టి, ఒక్కసారిగా యుద్ధం ముందు నిలబెట్టారన్నది మాత్రం కాగితాల మీద ఉన్న నిజం. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది. అదే యుద్ధంలో బాల్టిక్ సముద్రంలో దళాన్ని నడిపిన చార్లెస్ నేపియర్‌కు 68 ఏళ్ళు.

అడ్డదారి ఉన్నవాళ్ళు

కెప్టెన్ హోదా అనే తలుపు దాకా అంతా ఎంపికేనన్నాను కదా. అండ ఉన్నవాడు ఆ తలుపును ఎంత తొందరగా దాటగలడో విలియం పీల్ చూపిస్తాడు. బ్రిటన్ ప్రధానిగా చేసిన రాబర్ట్ పీల్ కొడుకు. 1838లో చేరాడు, 1844లో లెఫ్టినెంట్, 1846లో కమాండర్, 1849లో కెప్టెన్. అప్పటికి వయసు 24. కెప్టెన్ల వరుసలో అంత చిన్న వయసులో నిలబడ్డవాడు బతికుంటే అడ్మిరల్ కావడం ఖాయం.

ఇతన్ని తండ్రి నీడలో పెరిగినవాడని కొట్టేయలేం. క్రిమియాలో ముట్టడి కందకాల్లో పేలబోతున్న గుండును చేతులతో ఎత్తి బయట పడేసినందుకు విక్టోరియా క్రాస్ వచ్చింది. అండా ఉంది, సత్తా ఉంది. ఈ రెంటినీ విడదీసి చూడడం కష్టం కావడమే ఆ కాలపు ప్రమోషన్లను అంచనా వేయడంలో చిక్కు.

1857లో మన దేశంలో తిరుగుబాటు మొదలైనప్పుడు పీల్ తన 'షానన్' ఓడలోని భారీ ఫిరంగులను కలకత్తాలో దింపి, నావికులతో వాటిని లక్నోదాకా లాగించాడు. సముద్రానికి వందల మైళ్ళ దూరంలో ఓడ ఫిరంగులు కోటగోడల మీద పేలాయి. నావికులు నేలమీద పోరాడే ఇలాంటి దళాన్ని నేవల్ బ్రిగేడ్ అనేవారు. సముద్రం మీద పెద్ద యుద్ధాలు లేని కాలంలో కుర్ర అధికారులు పేరు తెచ్చుకోవడానికి అదే మార్గం. మన వైపునుంచి చూస్తే ఆ ప్రమోషన్లు మన ఊళ్ళ మీద పేల్చిన గుండ్లతో వచ్చినవి, ఆ సంగతి పక్కన పెట్టి ఈ కథ చెప్పలేం. పీల్ 1858 ఏప్రిల్‌లో కాన్పూరులో మశూచితో చనిపోయాడు. వరుసలో అతని వెనుక ఉన్నవారు ఒక్కో అడుగు ముందుకు జరిగారు.

ఆరు రోజుల పుణ్యం, డెబ్భై తొమ్మిదేళ్ళ ఫలం

ఈ ముసలివాళ్ళ జాబితాను 1870లో హ్యూ చైల్డర్స్ అనే నౌకాదళ మంత్రి కత్తిరించాడు. ఫలానా వయసు దాటితే, లేదా కొన్నేళ్ళు సముద్రం మీద పని లేకపోతే, తప్పనిసరి రిటైర్మెంట్. కెప్టెన్లకు 55 ఏళ్ళ హద్దు పెట్టారు. కింద ఉన్నవారికి ఊపిరాడింది. ఓడ దొరక్కపోవడం తమ తప్పు కానివారు మాత్రం ఇది అన్యాయమని బాధపడ్డారు. ఓడ ఇవ్వకపోవడమూ నువ్వే, ఓడ ఎక్కలేదని పంపేయడమూ నువ్వేనా అన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

ఆ నియమంలో ఒక మినహాయింపు పెట్టారు. 1815కు ముందు జరిగిన యుద్ధాల్లో ఓడకు నాయకత్వం వహించినవారు జీవితాంతం పనిలో ఉన్నట్టే లెక్క. ఇందాక చెప్పిన ప్రోవో వాలిస్‌కు అది వరమైంది. అతను 1791లో కెనడాలోని హాలిఫాక్స్‌లో పుట్టాడు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి అతని పేరు ఒక ఓడ సిబ్బంది పుస్తకంలో రాయించాడు, సర్వీసు లెక్కకు పనికొస్తుందని. 1813 జూన్ 1న 'షానన్' అనే ఓడ (పీల్ ఓడకన్నా ముందుది) అమెరికా ఓడ 'చెసాపీక్'ను పట్టుకున్నప్పుడు వాలిస్ అందులో రెండో లెఫ్టినెంట్. కెప్టెన్ బ్రోక్ తలకు పెద్ద గాయమైంది, మొదటి లెఫ్టినెంట్ చనిపోయాడు. 22 ఏళ్ళ వాలిస్ ఓడను హాలిఫాక్స్ చేర్చాడు. ఆరు రోజులు.

ఆ ఆరు రోజులు యుద్ధకాలపు నాయకత్వం కింద లెక్కకొచ్చాయి. 1819లో కెప్టెన్. 32 ఏళ్ళ తర్వాత 1851లో రియర్ అడ్మిరల్. 1857 తర్వాత అతను సముద్రం మీద పనిచేయలేదు. అయినా 1863లో అడ్మిరల్, 1877లో అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్. తొంభై దాటాక, మీరు పనిలో ఉన్నట్టు లెక్క కాబట్టి ఓడ ఇచ్చి పంపాల్సి రావచ్చు, రిటైర్ కారాదూ అని అధికారులు సూచిస్తే, సంతోషంగా వెళ్తానని జవాబిచ్చాడని చెబుతారు. నూరేళ్ళు నిండాక, జాబితాలో తలమీద ఉండగానే కన్నుమూశాడు.

చుట్టు దక్కనివాళ్ళు

ఇంతసేపూ చెప్పిన వరుస ఎగ్జిక్యూటివ్ శాఖది, అంటే ఓడను, ఫిరంగులను నడిపేవారిది. ఆవిరి యంత్రాలు వచ్చాక ఓడ కదిలేది ఇంజనీర్ల చేతుల్లో. వాళ్ళకు 1847లో ఆఫీసరు హోదా ఇచ్చారు కానీ చార మీద ఆ చిన్న చుట్టు ఇవ్వలేదు. చారల మధ్య ఊదారంగు గుడ్డ కుట్టుకోమన్నారు. ఎంత పైకి వెళ్ళినా ఓడకు నాయకుడు కాలేడు. ఇరుపక్షాల పిల్లలనూ కలిపి చేర్చుకుని కలిపి చదివించే పథకం 1902 చివర్లోగాని రాలేదు. దాని వెనుక ఉన్నది ఫిషరే. మర్చంట్ నేవీలో పనిచేసే మన పిల్లల్లో ఇంజనీర్ల చారల మధ్య ఇప్పటికీ ఊదారంగు కనిపిస్తుంది.

ఆరు కేబుళ్ళు చాలవని తెలిసినా

వరుసలో నిలబడడం అలవాటైన మనుషులు ఆజ్ఞ ముందు ఎలా ఉంటారు? 1893 జూన్ 22 మధ్యాహ్నం ఈ ప్రశ్న 358 ప్రాణాలు తీసింది.

జార్జ్ ట్రయాన్ 1832లో పుట్టాడు. 1848లో చేరాడు, 34 ఏళ్ళకు, 1866లో కెప్టెన్. 1868 నాటి అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) దండయాత్రలో ఎర్ర సముద్రం ఒడ్డున వందల రవాణా ఓడల పని నడిపాడు. 18 ఏళ్ళ నిరీక్షణ తర్వాత 1884లో రియర్ అడ్మిరల్. 1891లో మధ్యధరా దళానికి అధిపతి అయ్యాడు. ఆ నౌకాదళంలో అంతకన్నా గౌరవమైన పోస్టు సముద్రం మీద లేదు.

ట్రయాన్‌కు ఒక దిగులుండేది. శాంతికాలపు అధికారులు జెండా సంకేతాలకు బానిసలైపోయారు. లావుపాటి సంకేతాల పుస్తకం చూసి, ఫలానా జెండాలు ఎగరేస్తే, అందరూ బదులిచ్చాక, ఓడలు తిరిగేవి. యుద్ధంలో పొగలో జెండాలు కనబడవు, తాళ్ళు తెగుతాయి. అప్పుడేం చేస్తారు? అందుకని 'టీ.ఏ.' అనే ఒక్క సంకేతం ఎగరేసి, ఇక చెప్పేదేమీ ఉండదు, నా ఓడను చూసి మీ బుద్ధితో నడుచుకోండి అని కెప్టెన్లకు నేర్పడం మొదలుపెట్టాడు. మనిషి మాత్రం గంభీరుడు. తన ఆలోచన ముందుగా విప్పి చెప్పడు, అతనికి ఎదురు ప్రశ్న వేయడానికి కిందివాళ్ళకు జంకు.

ఆ రోజు లెబనాన్ తీరంలో ట్రిపోలీ దగ్గర ఓడలు రెండు వరుసల్లో పక్కపక్కనే సాగుతున్నాయి. ఒక వరుసకు ముందు ట్రయాన్ ఓడ 'విక్టోరియా', రెండో వరుసకు ముందు అతని సహాయకుడు రియర్ అడ్మిరల్ ఆల్బర్ట్ మార్కమ్ ఓడ 'క్యాంపర్‌డౌన్'. రెండు వరుసలూ ఒకదానివైపు ఒకటి తిరిగి, పూర్తిగా వెనక్కి మళ్ళాలని ట్రయాన్ ఆలోచన.

లెక్క వేసి చూద్దాం. సముద్రం మీద దూరం కొలిచే కేబుల్ అంటే సుమారు 200 గజాలు. ఓడ మామూలుగా సగం చుట్టు తిరిగి వెనక్కి మళ్ళడానికి పక్కకు సుమారు 800 గజాలు కావాలి. రెండు ఓడలు ఎదురెదురుగా తిరుగుతాయి కాబట్టి 1,600 గజాలు, అంటే 8 కేబుళ్ళు. తిరిగాక మధ్యలో 400 గజాల ఎడం ఉండాలంటే మొత్తం 10 కేబుళ్ళు. వరుసల మధ్య ట్రయాన్ ఉంచమన్న 6 కేబుళ్ళు అంటే 1,200 గజాలే. పెన్సిలు, కాగితం చాలు, ఓడలు గుద్దుకుంటాయని తేలడానికి.

ట్రయాన్ దగ్గరున్న స్టాఫ్ కమాండర్ 8 కేబుళ్ళయినా ఉండాలన్నాడు. సరే, ఎనిమిదే అన్నాడు ట్రయాన్. కాసేపటికి ఎగిరిన జెండా 6. ఆరేనా అని ఒక అధికారిని పంపి మళ్ళీ అడిగించారు. ఆరే ఉంచమన్నాడు. అవతల మార్కమ్‌కు అర్థం కాలేదు. సంకేతం అందిందని ఒప్పుకునే జెండాను పైదాకా ఎత్తకుండా సగంలో ఆపి ఉంచాడు. ఆ భాషలో దానర్థం, తెలియలేదు అని. వెంటనే ట్రయాన్ ఓడనుంచి ప్రశ్న, దళమంతా చూస్తుండగా: దేనికోసం ఆగారు?

మార్కమ్ జెండా పైకెత్తేశాడు. ఓడలు తిరిగాయి. క్యాంపర్‌డౌన్ ముక్కు కింద, నీటి అడుగున, శత్రు ఓడలను పొడవడానికి అమర్చిన ఉక్కు కొమ్ము విక్టోరియా కుడిపక్కలో దిగిపోయింది. దాదాపు 13 నిమిషాల్లో విక్టోరియా తలకిందులై మునిగింది. ట్రయాన్ బయటపడలేదు. చివరి క్షణాల్లో తప్పంతా నాదే అన్నాడని బతికినవారు చెప్పారు. 2004లో దొరికిన ఆ ఓడ ఇప్పటికీ ముక్కు బురదలో దిగి, నిటారుగా నిలబడి ఉంది.

ఎవరి తప్పు? ఇప్పటికీ తెగని వాదం

మాల్టాలో జరిగిన సైనిక విచారణ తప్పు ట్రయాన్‌దేనని తేల్చింది. విక్టోరియా కెప్టెన్ మారిస్ బోర్క్‌ను నిర్దోషి అంది. మార్కమ్ తన అనుమానాన్ని గట్టిగా చెప్పి ఉండాల్సిందని విచారం తెలిపింది. కానీ ఎదురుగా ఉన్న సర్వాధికారి ఆజ్ఞను పాటించినవాణ్ణి తప్పుపడితే నౌకాదళానికే చేటని కూడా రాసింది. ఈ రెండు మాటలు ఒకే తీర్పులో పక్కపక్కన ఉండడమే అసలు చిక్కును బయటపెడుతుంది.

ఒక వైపువారు ఇది ఒక మనిషి చేసిన లెక్క పొరపాటు అంటారు. ట్రయాన్ ఒక ఓడకు కావాల్సిన వెడల్పును రెండిటికీ సరిపోతుందనుకున్నాడని ఒక ఊహ. ఒక వరుస మరొక వరుసకు బయటినుంచి చుట్టి రావాలన్నది అతని ఉద్దేశమని మరో ఊహ. మార్కమ్ కూడా అలాగే అనుకున్నానని చెప్పాడు. ఇంకో వైపువారు వేలు చూపేది అలవాటు మీద. పన్నెండేళ్ళ వయసునుంచి ఆజ్ఞ వినడం, వరుసలో చోటు కాపాడుకోవడం నేర్చిన మనిషి, దళమంతా చూస్తుండగా ఇది కుదరదని ఎలా అంటాడు? ట్రయాన్ శత్రువులు మాత్రం ఆ ప్రమాదాన్ని చూపించి 'టీ.ఏ.' పద్ధతినే పాతరేశారు. ఇది న్యాయం కాదు. ఆ రోజు జరిగింది టీ.ఏ. విన్యాసం కాదు, మామూలు జెండా సంకేతాలతో చేసినది. సొంతబుద్ధి వాడమని చెప్పిన మనిషి, తన కింది వాళ్ళు సొంతబుద్ధి వాడకపోవడం వల్ల పోయాడు. అందుకు ప్రశ్నను సహించని అతని తీరూ కారణమే. నాకు ఇద్దరి మీదా జాలి కలుగుతుంది, తీర్పు చెప్పడానికి మనసొప్పదు.

మునిగిన ఓడలో జ్వరంతో పడుకున్న ఒక కమాండర్ బతికి ఒడ్డున పడ్డాడు. పేరు జాన్ జెలికో. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, జర్మనీతో జరిగిన జట్లాండ్ సముద్ర యుద్ధంలో బ్రిటిష్ దళం మొత్తాన్ని నడిపింది అతనే. ఆ రోజు కింది అధికారులు కళ్ళెదుట కనబడినదాన్ని కూడా పై వారికి చెప్పకుండా, ఆజ్ఞ కోసం ఎదురుచూశారని, దాని మూలం 1893లోనే ఉందని వాదించే చరిత్రకారులున్నారు. 23 ఏళ్ళ దూరాన్ని ఒక్క గీతతో కలపడం అతి అనేవారూ ఉన్నారు.

ఇక మార్కమ్. ఇతను అనామకుడేమీ కాదు. 1876లో మంచు మీద నడిచి 83 డిగ్రీల 20 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరాడు, అప్పటిదాకా అంత ఉత్తరానికి ఎవరూ వెళ్ళలేదు. న్యూజిలాండ్ జెండాకు రూపం ఇచ్చింది కూడా అతనే. విక్టోరియా మునిగిన తర్వాత కూడా జాబితాలో అతని పేరు ఎక్కడుందో అక్కడే ఉంది. పైవాళ్ళు తప్పుకున్న కొద్దీ పైకి జరిగింది. 1897లో వైస్ అడ్మిరల్. 1903లో అడ్మిరల్.